దప్పళంలో ఎన్ని కాలాలు: వంటతో చరిత్ర పాఠం ఎంతవరకు సాగుతుంది?

క్లుప్తంగా

ఉత్తరాంధ్ర బళ్ళలో సంప్రదాయ వంటల ప్రదర్శనలు మామూలైపోయాయి. వాటివల్ల పిల్లలకు చరిత్ర తెలుస్తుందన్నది పెట్టేవాళ్ళ మాట. వంటకం చరిత్రకు ఆధారం కాగలదు గానీ దానంతటది మాట్లాడదు. అందులో పడిన ఒక్కో దినుసు ఎక్కడిది, ఎప్పుడు వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎవరికి దక్కలేదు అని అడిగితేనే నోరు విప్పుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వంటిళ్ళ నుంచే తీసిన ఉదాహరణలతో ఆ పద్ధతి ఏమిటో, దాని హద్దులేమిటో ఈ వ్యాసం చూస్తుంది.

ఎందుకీ చర్చ

నాలుగు పరిణామాలు వెంటవెంటనే వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం స్థానిక విజ్ఞానాన్ని పాఠాల్లోకి తేవాలని, 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి మోయని రోజులు పది ఉండాలని చెప్పింది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్ళలో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది. 2024లో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమలోని లంకల గన్నవరంలో ఆకలితో గుమ్మం తొక్కినవారికల్లా అన్నం పెట్టిన ఆ ఇల్లాలు 1841 నుంచి 1909 వరకు జీవించారు. అంటే పిల్లల కంచం పక్కకే ఒక చరిత్ర వచ్చి కూర్చుంది.

దీంతో బడిలో వంటకాల బల్లలు వేయడం, ఒక్కో గిన్నె ముందు ఒక్కో అట్టముక్క నిలబెట్టడం ఊపందుకుంది. చిక్కు ఆ అట్టముక్కల దగ్గరే వస్తోంది. చోడి అంబలి, గుమ్మడికాయ దప్పళం, అరిసెలు, పులిహోర అన్నిటి ముందూ ఒకటే రాత: ‘మన పూర్వీకుల ప్రాచీన వంటకం’. ఎంత ప్రాచీనం? ఏ పూర్వీకులు? నాలుగో తరగతి పిల్లవాడు ఈ రెండు ప్రశ్నలు అడిగితే బల్ల వెనక నిలబడ్డ పెద్దల దగ్గర జవాబు ఉండడం లేదు. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ బట్టీ పట్టించే పాఠం మీద విసుగుతో వంటిల్లు ఎక్కితే, అక్కడ తేదీలే లేని చరిత్ర ఎదురవుతోంది. పాత జబ్బుకు ఇది మందు కాదు, మరో రకం జబ్బు.

ఒక గిన్నె దప్పళం

సంక్రాంతికి ఈ రెండు జిల్లాల్లో చాలా ఇళ్ళలో పొయ్యెక్కే దప్పళాన్నే తీసుకుందాం. గుమ్మడికాయ, చిలగడదుంప, వంకాయ, ఆనపకాయ, ములక్కాడ ముక్కలు పెద్దవిగా తరుగుతారు. చింతపండు పులుసులో ఉడికిస్తారు. బెల్లం ముక్క, పసుపు, ఉప్పు వేసి, పిండి కలిపిన నీళ్ళతో చిక్కబరిచి, ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలతో పోపు పెడతారు. ఇంతకన్నా సంప్రదాయమైన పులుసు లేదని ఎవరైనా ఒప్పుకుంటారు.

ఇప్పుడు ముక్కలు వేరు చేసి చూస్తే, వంకాయ పుట్టిల్లు ఈ దేశమే. ఆవాలూ పసుపూ ఎన్నో శతాబ్దాలుగా ఇక్కడివే. ఆనపకాయ మూలం ఆఫ్రికా. మనిషి అతి పూర్వకాలంలోనే ఇటు తెచ్చుకున్నాడు. చింత కూడా ఆఫ్రికా మొక్కే అంటారు వృక్షశాస్త్రవేత్తలు. అయితే అది ఎంత ముందుగా వచ్చిందంటే, అరబ్బు వర్తకులు దాన్ని ‘భారతదేశపు ఖర్జూరం’ అని పిలిచారు, ఆ పేరు నుంచే ఇంగ్లీషు మాట పుట్టింది. ఇక తీపి గుమ్మడి, చిలగడదుంప, ఎండుమిరప: ఈ మూడూ అమెరికా ఖండాలవి. 1492లో కొలంబస్ అటు దాటకముందు, 1498లో వాస్కో డ గామా కేరళ తీరం చేరకముందు మన నేల మీద ఈ మూడిటిలో ఒక్కటీ లేదు. పోర్చుగీసు ఓడల మీద పశ్చిమ తీరంలో దిగి, 16వ శతాబ్దం నుంచి మెల్లగా దేశమంతా పాకాయి.

మరో మాటలో, వెయ్యేళ్ళ కిందట శ్రీముఖలింగం గుడి కట్టిన నాటివాళ్ళు ఈ రూపంలో దప్పళం తిని ఉండరు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పేలిన నాటివాళ్ళు తిని ఉండవచ్చు. ఒకే గిన్నెలో వేల ఏళ్ళ నాటి వంకాయ ముక్క పక్కనే నాలుగైదు వందల ఏళ్ళ నాటి గుమ్మడి ముక్క తేలుతోంది. చరిత్ర టీచరుకు ఇంతకన్నా మంచి నల్లబల్ల దొరకదు. ముక్కకో చీటీ కట్టి, చీటీ మీద ఖండం పేరు, సుమారు కాలం రాయిస్తే, ఐదో తరగతి పిల్లలకు ‘సంప్రదాయం’ అనే మాట ఒక్క రోజున పుట్టింది కాదని, పొరలు పొరలుగా పేరుకుందని కళ్ళముందు కనిపిస్తుంది. గుమ్మడి పరాయిది గనక దప్పళం మనది కాదని ఎవరూ అనరు. పరాయి దినుసును మన పులుపులో, మన బెల్లంలో ఉడికించి మనది చేసుకున్న పని ఈ నేల మీద జరిగింది. చెప్పాల్సిన కథ అదే.

మిరప రాకముందు కారం ఎక్కడిదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవ. దీనికి సాక్ష్యం పుస్తకంలో వెతకనక్కర్లేదు. చాలా ఇళ్ళలో తద్దినం నాటి వంటలో ఈనాటికీ ఎండుమిరప బదులు మిరియాలే పడతాయి. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ వంటివి దగ్గరికి రానివ్వరు. రోజువారీ వంట కాలంతో పరుగెడుతుంది, తంతుకు వండే వంట మాత్రం ఎప్పటి పద్ధతిలో అప్పుడే ఆగిపోతుంది. అందుకే పాత వంట ఎలా ఉండేదో తెలియాలంటే పెళ్ళి విస్తరి కంటే తద్దినం విస్తరి చూడడం మేలు.

పేర్లే సాక్షులు

కొత్త మొక్క వచ్చినప్పుడు జనం దానికి పాత పేర్లలోంచే ఒకటి కుట్టి తొడుగుతారు. ఆ కుట్లు విప్పితే ప్రయాణం బయటపడుతుంది. మిరియం లాగా మండింది గనక మిరప. జొన్నలాంటి గింజ గనక మొక్కజొన్న. శనగలాంటి గింజ వేరు దగ్గర దొరికింది గనక వేరుశనగ. పలాస, కాశీబుగ్గ, ఉద్దానం పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన జీడిమామిడి పేరులో రెండు దేశీ చెట్లున్నాయి. చాకలి గుర్తులు పెట్టే నల్లజీడి ఒకటి, మామిడి రెండోది. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చిన మూడో చెట్టుకు ఆ రెంటి పేర్లూ కలిపి అంటగట్టారు. సీతంపేట కొండల్లో పండే అనాస మాత్రం తన పేరు తనే వెంట తెచ్చుకుంది. అది దక్షిణ అమెరికా మూలవాసుల మాట, పోర్చుగీసు నోటి మీదుగా ఇక్కడికి చేరింది.

బంగాళాదుంప ఏ దిక్కు నుంచి వచ్చిందో దాని పేరే చెబుతుంది. అదే దుంపను తెలంగాణలో ఆలుగడ్డ అని, రాయలసీమలో ఉర్లగడ్డ అని అంటారు. ఒకే కూరగాయకు మూడు పేర్లుంటే, మూడు దారుల్లో మూడు అంగళ్ళకు చేరిందన్న ఊహకు చోటుంది. సీతాఫలం ఇంకా తమాషా. పేరులో సీతమ్మ ఉంది, చెట్టు పుట్టిల్లు మాత్రం అమెరికా. పురాణ పాత్ర పేరు ఉన్నంత మాత్రాన ఆ కాలం నాటిదని చెప్పలేమని ఏడో తరగతి పిల్లలకు నేర్పడానికి ఈ ఒక్క పండు చాలు.

చోడి కథ: వచ్చింది, పోయింది, తిరిగొచ్చింది

ఇక్కడి పిల్లలు ఇంట్లో చోడి అంటారు, బడిలో రాగి అని చదువుతారు. రెండూ ఒకటేనని కొందరికి ఆలస్యంగా తెలుస్తుంది. సజ్జలను గంటెలు అంటారు. ఆ మాట పాఠ్యపుస్తకంలో కనబడదు.

చోడి కూడా వలస వచ్చిన గింజే. తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లో పుట్టి, వేల ఏళ్ళ కిందట మన దేశం చేరింది. సజ్జ పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చింది. అచ్చంగా ఇక్కడే పుట్టిన పంట కావాలంటే ఉలవ, పెసర, మినుము, కంది వైపు చూడాలి. కందికి అడవి బంధువైన మొక్క నేటికీ ఒడిశా, తూర్పు కనుమల ప్రాంతంలో కనిపిస్తుంది. అందుకే ఈ చుట్టుపక్కలే కందిని మచ్చిక చేసి ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. కొండ ఊళ్ళలో కంది కొత్త, మామిడి కొత్త అని పండుగలు చేసి, ఆ తరవాతే కొత్త పంట నోట పెట్టుకునే ఆచారానికి ఈ వెలుగులో మరింత బరువు వస్తుంది.

అంబలి కాచే పద్ధతి దగ్గర కాసేపు ఆగడం అవసరం. రాత్రి చోడిపిండిని నీళ్ళలో కలిపి కుండకు మూత పెడతారు. తెల్లారేసరికి పులుస్తుంది. పొద్దున్న నూకలు ఉడుకుతున్న ఎసట్లో ఆ పిండినీళ్ళు సన్నగా పోస్తూ, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. దించి చల్లార్చి, మజ్జిగా ఉప్పూ కలిపి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుంటారు. పొలం వెళ్ళేవాడు పొద్దున్నే తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది. బడిలో ఇచ్చే రాగి జావ వేరు. దాన్ని పులియబెట్టరు, అందులో బెల్లం వేస్తారు. గింజ ఒకటే, వంటకాలు రెండు. ‘తాతముత్తాతలు తాగిన జావ’ అని చెప్పేముందు ఈ తేడా చెప్పకపోతే పిల్లలు ఇంటికెళ్ళి నానమ్మ దగ్గర పప్పులో కాలేస్తారు.

చోడి కంచంలోంచి ఎలా జారిపోయింది? ఒక్క కారణం కాదు. వంశధార, నాగావళి కాలవల కింద తడి భూమి పెరిగి, వరి విస్తరించింది. మరపట్టిన బియ్యం వచ్చాక దంపుడు తగ్గింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలయ్యాక పేద ఇంట కూడా మూడు పూటలా వరి అన్నం అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు అలాంటి చాలా ఇళ్ళలో అది పండగ నాటి తిండి. చోడి సంకటి తిన్న ఇంటిని చిన్నచూపు చూసిన రోజులు ఇప్పటి నానమ్మలకు గుర్తున్నాయి. తెల్ల అన్నం ఒక తరానికి మర్యాద. ఆ తరం చోడిని వదిలింది రుచి తెలియక కాదు. ఇప్పుడు అదే గింజ ‘సిరిధాన్యం’ అనే కొత్త పేరుతో, పట్నం అంగట్లో సన్న బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతోంది. ఈ తలకిందుల కథ చెప్పకుండా ఆరోగ్య ప్రయోజనాలు మాత్రమే వల్లిస్తే అది సైన్సు పాఠమో ప్రకటనో అవుతుంది గానీ చరిత్ర కాదు.

మర బియ్యానికి ఇంకో పేజీ ఉంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే నేటి కోస్తా ఆంధ్ర ప్రాంతంలో, బెరిబెరి జబ్బు పాతుకుపోయి ఉండేది. తవుడు పూర్తిగా పోయేలా మరపట్టిన పచ్చిబియ్యమే ప్రధాన ఆహారమైన వారికి థయమిన్ అనే విటమిన్ కొరవడింది. వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టి చేసే ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఈ బాధ బాగా తక్కువ, ఎందుకంటే ఉడికేటప్పుడు ఆ విటమిన్ తవుడు పొర నుంచి గింజ లోపలికి దిగుతుంది. రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు కూనూరులో 1918లో ఈ జబ్బు మీద ప్రారంభించిన చిన్న విచారణ విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన తీరపు అన్నం గిన్నె ఒక జాతీయ సంస్థ పుట్టుకకు కారణమైందని ఈ జిల్లాల పిల్లల్లో ఎందరికి తెలుసు?

చోడి పూర్తిగా పోలేదు. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం దాని మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. అక్కడ రూపొందిన రకాలకు చంపావతి, వేగావతి, గోస్తని అని పేర్లు పెట్టారు. మూడూ ఈ ప్రాంతపు నదులే. శ్రీకాకుళం పక్కన రాగోలు కేంద్రం నుంచి వచ్చిన ఆర్జీఎల్ 2537 వరి పేరు శ్రీకాకుళం సన్నాలు. గింజల సంచి మీది పేరు చదవడంతో భూగోళం పాఠం కూడా అయిపోతుంది.

ఆవ, తరవాణి: కళింగ జాడలేనా?

పనసపొట్టు కూరకు, అరటికాయ కూరకు ఉత్తరాంధ్రలో ఆవ పెడతారు. నూరిన ఆవముద్ద చివర్లో కలిపితే ఆ ఘాటు ముక్కుకు ఎక్కుతుంది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే అదే ఆవముద్ద ‘బేసర’ అనే పేరుతో కూరల్లో, చేపల్లో కనిపిస్తుంది. అన్నాన్ని నీళ్ళలో నానబెట్టి పులిసిన తరవాత తినే ఒడియా ‘పఖాళ’కూ మన తరవాణి కుండకూ చుట్టరికం స్పష్టం. అరిసెను ఒడియాలో ‘అరిసా పిఠా’ అంటారు.

దీన్ని చూపి, తూర్పు గాంగుల కళింగ రాజ్యం ఒకప్పుడు రెండు వైపులా ఉండేది గనక వంటలూ కలిశాయని చెప్పడం తేలిక. తేదీలు ఊరించేలానే ఉన్నాయి. గాంగుల రాజధాని కళింగనగరం నేటి ముఖలింగమేనని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ వంశపు అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో గద్దెనెక్కాడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణం 12వ శతాబ్దంలో అతని కాలంలోనే మొదలైంది. ఇటీవలి చరిత్ర కూడా తోడుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. సరిహద్దు గీత వయసు ఇంకా వందేళ్ళు లేదు.

ఇక్కడ తొందర పడకూడదు. ఆవపిండి వంటలు బెంగాల్ దాకా ఉన్నాయి, అక్కడ చాలా భాగాన్ని గాంగులు ఏలలేదు. వేడి ఎక్కువై వరి పండే చోట అన్నం నానబెట్టి తినడం తమిళనాడులోనూ అస్సాంలోనూ ఉంది. అంటే పోలికకు రాజ్యం కారణం కావచ్చు, వాతావరణం కావచ్చు, పంట కావచ్చు, పెళ్ళి సంబంధాలు కావచ్చు. ఒక్క పోలిక పట్టుకుని ఒక్క కారణానికి ముడి వేయకుండా ఉండడం పెద్దవాళ్ళకే కష్టం. పిల్లలకు చిన్నప్పుడే అలవాటు చేయడానికి ఇది మంచి సందర్భం.

కాస్త గట్టి ఆధారం కావాలంటే పూరీ గుడి వంటశాల ఉంది. అక్కడి మహాప్రసాదంలో ఈనాటికీ బంగాళాదుంప, టమాటా, మిరపకాయ వాడరు. ముఖలింగం నుంచి వెళ్ళిన వంశం కట్టించడం మొదలుపెట్టిన గుడిలో, పోర్చుగీసు ఓడలు తెచ్చిన ఈ మూడిటికీ ప్రవేశం లేదు. నాటి కళింగ వంట ఉన్నదున్నట్టు నిలిచిందని దీని అర్థం కాదు. ఏవి లేకుండా వండేవారో మాత్రం తెలుస్తుంది. చరిత్రలో కొన్నిసార్లు లేనివే ఎక్కువ చెబుతాయి.

చిటికెడు ఉప్పు, పిడికెడు కట్టె

వంటకంలో అందరూ మరిచేవి రెండు: ఉప్పు, పొయ్యిలోని కట్టె. ఈ జిల్లాల విషయంలో రాజకీయ చరిత్ర అంతా ఈ రెంటి చుట్టూనే తిరిగింది.

టెక్కలి దాటాక నౌపడ దగ్గర ఉప్పు మళ్ళు ఉన్నాయి. సముద్రపు నీళ్ళు మళ్ళలోకి పట్టి, ఎండకు ఇగిరించి, పలకలతో ఉప్పు పోగేస్తారు. ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు రాష్ట్రంలో ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తీసుకుంది. సముద్రం పక్కనే ఉన్న ఊరివాడు తన గంజిలోకి తాను ఉప్పు చేసుకుంటే నేరమైంది. 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో గాంధీ ఉప్పు తీయడం దేశమంతా ఎందుకు అంటుకుందో పుస్తకం రెండు వాక్యాల్లో చెబుతుంది. ఉప్పు లేని చప్పిడి పప్పు ఒక ముద్ద తిన్న పిల్లవాడికి మూడో వాక్యం అక్కర్లేదు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలుమార్గాన్ని కూడా ఈ పాఠానికి తగిలించవచ్చు.

కట్టె కథ మందసది. అక్కడి జమీందారీలో అడవి మీద హక్కు ఎవరిదన్న తగాదా 1940లో రగిలింది. తరతరాలుగా కట్టె కొట్టుకున్న అడవిలోకి వెళ్ళిన రైతులను పోలీసులు పట్టుకున్నారు. గుడారి రాజమణిపురంలో వారిని విడిపించడానికి అడ్డం నిలిచినవాళ్ళ మీద కాల్పులు జరిగాయి. అందులో సాసుమాన గున్నమ్మ చనిపోయారు. వీర గున్నమ్మగా ఈ ప్రాంతం ఆమెను తలుచుకుంటుంది. అదే ఏడాది పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. జమీందారీల రద్దు చట్టం మద్రాసు శాసనసభలో 1948లో వచ్చింది. గ్యాస్ పొయ్యి ముందు పెరిగిన పిల్లలకు పొయ్యిలోకి కట్టె ఎక్కడి నుంచి వచ్చేది, ఎవరు తెచ్చేవారు, ఎవరు ఆపేవారు అన్న మూడు ప్రశ్నలు వేస్తే జమీందారీ అనే మాట బరువు తెలుస్తుంది.

పెద్ద తరగతులకు చింతపండు మిగిలి ఉంది. కొండల మీది సవరలు, జాతాపులు వారపు సంతకు మోసుకొచ్చిన చింతపండుకు బదులు ఉప్పు, ఎండుచేపలు, బట్ట ఇచ్చి, అప్పులు పెంచి, చివరకు భూములు రాయించుకున్న శావుకార్ల వ్యాపారం 1960ల చివర్లో శ్రీకాకుళం గిరిజన తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ముఖ్యమైనది. ఇలాంటి దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధిస్తూ 1/70 నిబంధన 1970లో వచ్చింది. పులుసులో పిండే ఉండ వెనక ఇంత ఉంది.

ఎవరి వంట సంప్రదాయం?

‘మీ ఇంటి సంప్రదాయ వంటకం రేపు తీసుకురండి’ అని బడిలో చెప్పడం చూడడానికి అమాయకంగా ఉంటుంది. మర్నాడు బల్ల మీదికి పులిహోర, బొబ్బట్లు, అరిసెలు వస్తాయి. ఎండుచేపల పులుసు, పీతల ఇగురు, తలకాయ కూర, గంటి అంబలి రావు. తేవద్దని ఎవరూ అనరు, తెస్తే ఏమంటారోనని పిల్లలే మానుకుంటారు. కంచంలో ఏముందో తెలిస్తే ఇంటిపేరు అడగకుండానే కులం తెలిసిపోయే సమాజంలో ఈ పని పిల్లల మీద ఎంత బరువు పెడుతుందో టీచర్లు ముందే లెక్క వేసుకోవాలి. తీర ప్రాంతపు మత్స్యకార కుటుంబాల వంట బల్ల మీద లేకుండా శ్రీకాకుళం ఆహార చరిత్ర అని రాసుకోవడం సగం మాట కూడా కాదు.

కరువు తిండి ఇంకో అంచు. 1866 కరువు ఒడిశాను ఊడ్చేసి గంజాంను కూడా తాకింది. దాన్ని ఒడియావారు ‘నఅంక దుర్భిక్షం’ అంటారు. 1876–78 కరువు తెలుగువారి నోట ధాత కరువుగా మిగిలింది, ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనక. అడవి దుంపలు, మామిడి టెంకలోని జీడిపిండి కొండ ప్రాంతాల్లో పస్తులు తప్పించిన ఆహారాలు. వీటిని ‘అడవి బిడ్డల అద్భుత వంటకాలు’ అని మెచ్చుకుంటే పొరపాటు. పార్వతీపురం కొండల అవతల, రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో టెంకపిండి జావ తాగినవారు పలువురు చనిపోయారు. అది ఆకలి చావా, బూజు పట్టిన పిండి విషమా అన్న వాదన చాలాకాలం నడిచింది. తప్పక తిన్నదాన్నీ ఇష్టపడి తిన్నదాన్నీ ఒకే గాటన కట్టడం చరిత్రకు న్యాయం చేయదు.

వలస మరొకటి. ఈ జిల్లాల నుంచి 19వ శతాబ్దం చివరి నుంచీ వేలమంది పని కోసం రంగం వెళ్ళారు. రంగూనుకు ఇక్కడి పేరు అదే. 1942లో జపాను బర్మాను ఆక్రమించినప్పుడు చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. వాళ్ళ ఇళ్ళలో ఏ రుచి మిగిలిందో అడగడానికి ఇంకా కొద్దిమంది పెద్దవాళ్ళున్నారు, ఎంతోకాలం ఉండరు.

తరగతిలో ఎలా జరగాలి

నిప్పూ కత్తిపీటా చిన్న పిల్లల చేతికి ఇవ్వలేం. అదృష్టవశాత్తు వంటలో చరిత్ర ఎక్కువ దాగింది పొయ్యి మీద కాదు, పొయ్యెక్కక ముందు. చేటతో చెరగడం, తిరగలి తిప్పడం, రోకలి పోటు వేయడం, చింతపండు పిక్క తీయడం ఏ వయసు పిల్లలైనా చేయగలరు. తవ్వెడు చోళ్ళు తిరగలిలో పోసి, ఇద్దరిద్దరు వంతులవారీగా విసరాలి. పిండి తయారయ్యేదాకా పట్టిన సమయం గడియారం చూసి రాసుకోవాలి. ఐదుగురున్న ఇంటికి రోజూ అంత పిండి కావాలంటే ఎన్ని గంటలు, అవి ఎవరి గంటలు అన్న లెక్క వేయిస్తే, ఆడవాళ్ళ శ్రమ చరిత్ర అంకెల్లో దొరుకుతుంది. మగపిల్లలకు కూడా తిరగలి వంతు రావాలి, లేకపోతే పాఠం తిరగబడుతుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అన్న పాత కొలతలు కూడా దీంట్లోనే వచ్చేస్తాయి.

నిపుణుల కోసం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. బడిలోనే మధ్యాహ్న భోజనం వండే అమ్మలున్నారు. ‘నీ చిన్నప్పుడు పొద్దున్నే ఏం తినేవారు పిన్నీ, బియ్యం ఎప్పుడు వండేవారు, కట్టె ఎవరు తెచ్చేవారు?’ అని పిల్లలు కూర్చుని అడిగి రాసుకుంటే అది మౌఖిక చరిత్ర. అలా అడిగినందువల్ల వంటామె బడిలో ఒక్క పూటైనా గురువు స్థానంలో కూర్చుంటుంది. జపాన్ 2005లో ఆహార విద్యకు ప్రత్యేక చట్టం చేసినప్పుడు బడి భోజనాన్నే పాఠంగా మలుచుకుంది. అక్కడ పిల్లలే వడ్డించుకుంటారు, ఆ పూట తిన్నది ఏ పొలం నుంచి వచ్చిందో తెలుసుకుంటారు. మనకూ రోజూ భోజనం పెట్టే ఏర్పాటు ఉంది. అయితే అది అన్నం గంటగానే గడిచిపోతోంది, పాఠం గంట మళ్ళీ వేరుగా మోగుతోంది.

అడ్డంకులు తెలిసినవే. పరీక్షలో దీనికి మార్కులు లేవు. ఒక్కరే టీచరున్న బళ్ళలో తిరగలి చుట్టూ పిల్లలను కూర్చోబెడితే మిగతా తరగతులను ఎవరు చూస్తారు? అన్నిటికన్నా పెద్ద ఆటంకం, వంటకాన్ని గొప్ప చెప్పుకోవడానికే వాడుకునే అలవాటు. ‘ప్రపంచానికి వంట నేర్పింది మనమే’ అన్న వాక్యం చెవికి ఇంపుగా ఉంటుంది, దప్పళంలోని మూడు ముక్కలు మాత్రం ఒప్పుకోవు.

శాలిహుండం కొండ మీద 1919లో గిడుగు రామమూర్తి గుర్తించిన బౌద్ధ స్థలంలో తవ్వకాలు జరిపితే, స్తూపాలతో పాటు కుండపెంకులు కూడా బయటపడ్డాయి. పెంకు పెంకుకూ చీటీ రాసి దాచారు గనకే ఇప్పుడు మనం వాటి గురించి మాట్లాడగలుగుతున్నాం. బడిలో జరిగిన వంట పాఠం చీటీలు, వంటామె చెప్పిన మాటలు రాసుకున్న నోటుపుస్తకాలు మాత్రం ఏప్రిల్ రాగానే పాత కాగితాల బండి ఎక్కుతున్నాయి. బీరువాలో ఒక అర కేటాయించి, ఊరి పేరు, తేదీ, చెప్పినవారి వయసు మీద రాసి దాస్తే, వచ్చే ఏడు ఐదో తరగతికి వచ్చే పిల్లలు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.